మేనమామ కండలు

నా మేనకోడలి పెళ్లిలో, ముహూర్తం తరుముకొస్తున్న వేళ, రెండు వైపుల బంధువులూ కళ్లు విప్పార్చుకుని చూస్తుండగా నా పరువు పోయింది. మామూలుగా పోలేదు. సన్నాయి మేళంతో ఊరేగింపుగా పోయింది. ఈ సంగతి మా వాళ్లెవరైనా చెప్తే ఉప్పూ కారం దట్టించి చెప్తారు కాబట్టి ఆ పనేదో నేనే చేస్తున్నాను. నవ్వడానికి మీకు పూర్తి అనుమతి ఇస్తున్నాను. మా ఇంట్లోవాళ్లు అనుమతి కూడా అడగలేదు.

యాభైల నాటి మాట. కడపలో మాకు కిరాణా అంగడి ఉండేది. బెల్లం దిమ్మలూ, చింతపండు గంపలూ, ఉప్పు మూటలూ, వాటి మధ్య నేనూ. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి గానీ ఒళ్లు రాలేదు. నేను చొక్కా వేసుకుంటే దండెం మీద ఆరేసినట్టే ఉండేది.

మా అక్క నాకంటే చాలా పెద్దది. రాజంపేటలో ఇచ్చారు. ఆమె కూతురు వసంత నాకంటే కొన్నేళ్లే చిన్న. అక్కకు ఒంట్లో బాగులేక, పసితనంలో వసంతను మా ఇంట్లోనే వదిలిపెట్టింది. నేను దాన్ని చంకనేసుకుని తిరిగేవాణ్ణి. ఒంటిమిట్ట తిరునాళ్లలో రథం కనపడలేదని ఏడిస్తే భుజాల మీదికి ఎత్తుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రథం కనపడేంత ఎత్తు నాకూ లేదు. అది చూసి చెప్తుంటే నేను విన్నాను. అదంటే నాకు అంత ప్రాణం.

అలాంటి వసంతకు పెళ్లి కుదిరింది. మా ఇళ్లల్లో గౌరీపూజ కాగానే పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి ఎత్తుకొస్తాడు. వసంతకు ఉన్న ఒకే ఒక్క మేనమామను నేను. నిశ్చితార్థం రోజు పెళ్లికొడుకు పెదనాన్న నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏమప్పా, మేనమామ నువ్వేనా?"

"నేనే."

"ఏం దిగులుపడాకు. మావాళ్లు నలుగురొచ్చి గంప పట్టుకుంటారు. నువ్వు ఊరికే చెయ్యి ఆనిచ్చు, చాలు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఏ పెళ్లిలోనైనా గంపను నలుగురూ పట్టుకుంటారు, పేరు మేనమామకు వస్తుంది. కానీ నాకు ఆ క్షణంలో అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవురూ రాబన్లేదు. మా పాపను నేనొక్కణ్ణే ఎత్తుకొస్తా!"

పక్కనున్న అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. అక్కడ గిల్లడానికి కండ దొరకలేదు. ఆ బాధ ఇద్దరికీ కలిగింది.

కడపకు తిరిగొచ్చాక, నా ఖర్మ కాలి, మా వీధి చివర ఒళ్లు పెంచుతానంటూ ఒక కండల మాస్టరు దిగాడు. తలుపు పట్టనంత ఛాతీ, దాని మీద అరచేతి వెడల్పు మీసం. ఆయన దగ్గర అట్టకు అంటించిన రెండు బొమ్మలుండేవి. 'ముందు' అన్నదాంట్లో నాలాంటివాడు, 'తర్వాత' అన్నదాంట్లో ఆయన.

"మాస్టరూ, ఇద్దరికీ ముఖాలు కలవలేదే?" అన్నాను.

"అంత కండ వచ్చినాక ముఖం మారదా?"

మారుతుంది కదా అనుకున్నాను. అప్పటికి నాకు తోచిన తెలివి అంత.

"మా పాప పెళ్లిలోపల అయితాదా?"

"పెళ్లిదాకా యాడికి? ఈలోపే నీ చొక్కాలు చినిగిపోతాయి చూడు."

ఆ పూటే దర్జీ దగ్గరికెళ్లి పెళ్లికి కొత్త చొక్కా కుట్టమన్నాను. "కొలతలు నావి తీసుకోవద్దు, మాస్టరువి తీసుకో" అన్నాను. దర్జీ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశాడు.

మాస్టరు పథ్యం చెప్పాడు. "సంగటి ముట్టొద్దు. ఒళ్లు బరువైతాది గానీ బలం రాదు. నెయ్యి, పప్పు అసలే వద్దు. నానబెట్టిన శనగలు పిడికెడు, నా లేహ్యం చెంచాడు. అంతే."

"నీళ్లు?"

"నీళ్లా! ఉప్పును నీళ్లలో ఏస్తే ఏమైతాది?"

"కరిగిపోతాది."

"కండ గూడా అంతే. గొంతు తడుపుకో, మింగొద్దు."

ఉప్పమ్ముకునేవాడికి అంతకన్నా రుజువేం కావాలి? కడప ఎండల్లో, కాకులు కూడా ముక్కు తెరుచుకుని కూర్చునే రోజుల్లో, నేను నీళ్లు మానేశాను. లేహ్యం మాడిన బెల్లంలో వేపాకు నూరినట్టుండేది. ఇంత చేదుగా ఉందంటే తప్పకుండా పనిచేస్తుందనుకున్నాను. రోజూ అంగట్లో ఉప్పు మూటను ఎత్తడం, దించడం. మా నాన్న కొన్నాళ్లు చూశాడు.

"ఏరా అబ్బీ, ఆ మూటతో ఏం పంచాయితీ నీకు? దాన్ని కొనేవాళ్లు గూడా అన్నిసార్లు ఎత్తరు కదరా."

ఒకరోజు నన్ను పట్టుకుని చింతపండు తూచే కాటాలో కూర్చోబెట్టాడు. "ఏందిరా ఇది! పోయినసారికంటే బెల్లం దిమ్మంత తగ్గినావు!"

నేను గుండెలు బాదుకుంటూ మాస్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన సంతోషంతో నా వీపు చరిచాడు. నేను వెళ్లి అవతలి గోడకు తగిలాను.

"శానా బాగుండాది! పాత ఇల్లు పడగొట్టకుండా కొత్త ఇల్లు కడతారా ఎవురన్నా? నీది ఇప్పుడు పడిపోతాండాది."

ఆ ఒక్క మాట మాత్రం ఆయన నిజమే చెప్పాడు.

ఇంట్లో అమ్మ రోజూ సంగటి ముద్దలో గుంట చేసి, పప్పు పోసి, నెయ్యి వేసి నా ముందు పెట్టేది. "ఒక్క ముద్ద తినురా నాయనా. గంప ఎత్తల్లంటే తినల్ల కదా."

"నువ్వే నా కండలకు శత్రువు" అన్నాను ఒకనాడు.

అమ్మ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈ కథలో మిగతా అంతటికీ నవ్వుతాను గానీ, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పెళ్లి రోజు వచ్చింది, రాజంపేటలో అక్కావాళ్లింట్లో. మాస్టరు కొలతల చొక్కాలో నేను గుడారంలో కొయ్యలా నిలబడ్డాను. గౌరీపూజ అయింది. గంపలో బియ్యం పోసి వసంతను కూర్చోబెట్టారు. వసంత బరువేమీ ఉండదు. కానీ దాని మీద పట్టుచీర, మా అక్క నగలు, వాళ్ల అవ్వ నగలు, అరచేతిలో కొబ్బరికాయ. పెళ్లికొడుకు పెదనాన్న నలుగురు మనుషులతో తయారుగా ఉన్నాడు.

"జరగండప్పా" అన్నాను.

రాముడి పేరు తలుచుకుని ఎత్తాను. గంప లేచింది! ఆడవాళ్లు "అబ్బా" అన్నారు. సన్నాయి అందుకుంది. నడిమింట్లోంచి వాకిలి దాటి పందిట్లోకి వెళ్లాలి. గడప దాటాను. పందిట్లో అరిటాకులు ఒకదానికి రెండుగా కనపడ్డాయి. గంపలోంచి చిన్నగా మాట వినిపించింది.

"మామా, నీ చేతులు వణుకుతాండాయి."

"పెండ్లికూతురు మాట్లాడగూడదు."

"పొద్దున ఏమన్నా తిన్న్యావా?"

"శనగలు."

"నీళ్లు తాగినావా?"

"కండ కరిగిపోతాది."

"యాడుండాది మామా, కరగడానికి?"

ఇంకో అడుగు వేసేసరికి పందిరి మొత్తం గిర్రున తిరిగింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పుకుంటాను. నేను గంపను కింద పడెయ్యలేదు. మెల్లగా, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దించాను. ఆ తర్వాతే నేను పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి పైన పందిరి ఆకులు కదిలిపోతున్నాయి. చెవుల్లో సన్నాయి. స్వర్గానికి ఇంత మర్యాదగా తీసుకెళ్తారా అనుకున్నాను. అటూ ఇటూ చూస్తే పెదనాన్న తాలూకు నలుగురు మనుషులు రొప్పుతున్నారు. నేను గంపలో ఉన్నాను! పక్కనే వసంత, ఒక చేత్తో చెంబు పట్టుకుని నా నోట్లో నీళ్లు పోస్తూ నడుస్తోంది. ముందు పురోహితుడు కేకలు వేస్తున్నాడు.

"ముహూర్తం దాటిపోతాండాది! మేనమామ, గంప, పెండ్లికూతురు, ముగ్గురూ పీటలకాడికి రావల్ల. ఎవురు ఎవుర్ని ఎత్తుకొస్తారో మీ ఇష్టం!"

"దించండప్పా, నేను నడుస్తా" అని లేవబోయాను.

వసంత నా చెయ్యి పట్టుకుంది. "ఊరకుండు మామా. నన్ను శానా ఎత్తుకోని తిరిగినావు. ఈ నాలుగడుగులు నేను నడుస్తాలే."

ఒంట్లో చుక్క నీరు లేనివాడికి అన్ని కన్నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు తెలియదు. పందిట్లో జనమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను గంపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. పెళ్లికూతుళ్లు కూడా అంతగా ఏడవరు. పెదనాన్న నా పక్కకు వచ్చి, "ఏం ఫర్వాలేదప్పా, మా కోడలికి మంచి మేనమామ ఉండాడు" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ గొంతు మెత్తగా ఉంది.

భోజనాల దగ్గర నా పక్క ఆకు ముందు ఎవరున్నారనుకున్నారు? కండల మాస్టరు! రాజంపేటలో లేహ్యం అమ్మడానికి వచ్చి, మేళం విని లోపలికొచ్చేశాడట. ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి గుమ్మరించుకుని తింటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆగిపోయింది.

"మాస్టరూ, ఈ ఒక్కటన్నా నిజం చెప్పు. నీకీ ఒళ్లు ఏం తింటే వచ్చింది?"

ఆయన తల వంచుకున్నాడు. "మా నాయన ఇట్లే ఉంటాడు. మా తాత గూడా ఇట్లే. అమ్మ పెట్టింది తింటి. ఆ లేహ్యం నేనెప్పుడూ నాకి చూళ్లేదప్పా, శానా చేదు."

కొట్టాలనుకున్నాను. కొట్టే ఓపికా లేదు, ఆయన్ను కొట్టి బతికే ఒళ్లూ లేదు. పైగా ఆయన ఆకలిమీద ఉన్నాడు. వడ్డించేవాణ్ణి పిలిచి మాస్టరు ఆకులో ఇంకో ఓళిగ వేయించాను. నా ఆకులో రెండు వేయించుకున్నాను.

పెళ్లికి పిలిపించిన ఫోటోగ్రాఫరు మాత్రం నేను గంపలో ఊరేగే సమయానికి ఉండనే ఉన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ వసంత ఇంట్లో నట్టింటి గోడకు వేలాడుతోంది. కొత్తగా వచ్చినవాళ్లు "ఇందులో పెండ్లికూతురు ఎవరమ్మా?" అని అడిగితే దాని పిల్లలు గంప వైపు వేలు చూపిస్తారు.

ఇక నా ప్రతిజ్ఞ. పందిట్లో పెళ్లికొడుకు వసంత చెయ్యి పట్టుకుని "నాతిచరామి" అన్నప్పుడు, గోడకానుకుని మజ్జిగ తాగుతున్న నేను కూడా, అదే అగ్ని సాక్షిగా, అమ్మ చేసే సంగటి ముద్దను మనసులో తలుచుకుని "నాతిచరామి" అన్నాను. ఎలాంటి ఛాతీవాడు వచ్చి చెప్పినా నిన్ను విడిచిపెట్టనని మాటిచ్చాను. ఈనాటికీ తప్పలేదు. తర్వాత నా పెళ్లిలో మా ఆవిడకూ అదే మాట చెప్పాను గానీ, ముందు ఎవరికి చెప్పానో ఆమెకు ఇంతవరకూ తెలియదు.