దొర బంగళాలో కింది గది

నా చిన్నప్పుడు మేం ముసునూరు దగ్గర ఒక మామిడితోటలో, దొర బంగళా వెనకనున్న రెండు గదుల్లో ఉండేవాళ్ళం. బంగళా మాది కాదు. మా తాతయ్య దానికి కాపలా, ఆయనకంటే ముందు ఆయన నాన్న కాపలా. యజమానులు మారారు గానీ తాళాల గుత్తి మాత్రం మా ఇంటి మేకు మీంచి కదలలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అంటే ఎనభైల్లో, ఆ బంగళా మళ్ళీ చేతులు మారింది. ఈసారి కొన్నది నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే షావుకారుగారు. ఆయనకి కావలసింది తోట. పాత కొంప పడగొట్టించి, టేకు దూలాలు అమ్మేసి, ఆ జాగాలో కాయలు దింపుకోవడానికి రేకుల షెడ్డు వేయిస్తారని కబురొచ్చింది. బంగళా లేకపోతే కాపలా దేనికి, మా గదులు దేనికి? మా నాయనమ్మ ఆ రోజే గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టింది. వారం తర్వాత షావుకారుగారు ఇల్లు చూడ్డానికి వస్తారు, అప్పుడాయన కాళ్ళమీద పడమని తాతయ్యకి పూటపూటా చెప్పేది.

తాతయ్య ఊఁ అని, కాయలు కోసే చిక్కం కర్ర భుజాన వేసుకుని తోటలోకి వెళ్ళాడు. చెట్టుమీదే పక్వానికొచ్చిన చిన్న రసాలు చూసి, ముచ్చిక ఊడకుండా, సొన కారకుండా రెండు గంపల కాయలు కోశాడు. బంగళాలో నేలకి మూడు మెట్లు కిందగా ఒక గది ఉండేది. రాతిగోడలు, చిన్న కిటికీ, నడివేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది. అందులో వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి తాళం వేశాడు. ఇదంతా ఎందుకని అడిగితే, పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేస్తున్నానని నవ్వాడు.

షావుకారుగారు తెల్లటి లాల్చీలో జీపు దిగారు. మెట్లు కూడా ఎక్కకుండానే దూలాలు లెక్కపెట్టసాగారు. తాతయ్య కాళ్ళమీద పడలేదు. మొదటి గది తలుపు తీసి, కట్టించిన దొర సంగతి మొదలుపెట్టాడు. తన దేశంలో పల్లెలో ఉన్న ఇల్లు గుర్తొచ్చి, అచ్చం అలాగే కట్టించుకున్నాడట. చలి కాచుకోవడానికి గోడలో పొయ్యి కూడా పెట్టించాడట. మన ఎండలకి దాన్ని ఒక్కసారీ వెలిగించలేదు, పిచ్చుకలు కాపురం పెట్టాయి. అదే దొర చిన్న రసాన్ని పళ్ళెంలో పెట్టుకుని కత్తితో కోయబోతే, రసమంతా చిమ్మి దొరసాని గౌను మీద పడిందట. షావుకారుగారి మూతి కాస్త వంకర తిరిగింది, నవ్వు ఆపుకున్నారన్నమాట.

“ఏంటి పెద్దాయనా, ఇల్లు చూపిస్తావా, కథలు చెప్తావా?” అన్నారు.

“రెండూ ఒకటేనండీ బాబూ,” అన్నాడు తాతయ్య.

దొర వెళ్ళిపోయాక బెజవాడ వకీలుగారు కొన్నారు. దొర సీసాలు దాచుకున్న కింది గదిలో ఆయన కాగితాల కట్టలు పెడితే చెదలు తినేశాయి. మిగిలిన కాగితాలు పై గదిలోకి ఎక్కాక, వకీలుగారి భార్య ఆ గదిలో ఊరికే ఓ గంప కాయలు గడ్డిలో వేసి చూసిందట. అలా చెబుతూ చెబుతూ తాతయ్య మూడు మెట్లూ దిగి తాళం తీశాడు.

ఆ వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. షావుకారుగారు తాతయ్యని దాటుకుని లోపలికి దిగారు. గడ్డి పక్కకి నెట్టి, ఒక్కొక్క పండూ బొటనవేలితో నొక్కి చూశారు. అన్నీ ఒకే రంగు. ఒక్కటీ కమిలింది లేదు, ఒక్కటీ పచ్చిగా లేదు.

“మా మండీలో సగం కుళ్ళు, సగం పచ్చి. ఏం మందు పెట్టావయ్యా?”

“గోడలేనండీ.”

అంతే. ఆయన ఆ మెట్టుమీదే కూర్చుని, ఒక పండు మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి ఊసి జుర్రడం మొదలుపెట్టారు. రసం మోచేతి దాకా కారింది, లాల్చీ పసుపయింది. పండ్లు అమ్ముకునేవాడికి తినే తీరిక ఎప్పుడు దొరుకుతుందని తనలో తను అనుకుంటూ ఇంకోటి తీసుకున్నారు. తాతయ్య వెనకే తిరుగుతున్న నాకూ ఒకటి ఇచ్చారు. మూడోది అయ్యాక, ఈ గదిలో ఎన్ని గంపలు పడతాయని అడిగారు. గడ్డి ఎవరు తెస్తారు, పేర్చడం కుర్రాళ్ళకి ఎవరు నేర్పుతారని అడిగారు. షెడ్డు తోట అవతల వేయిద్దాం, ఈ గోడల జోలికి ఎవరూ రావద్దన్నారు. జీపు వెళ్ళీ వెళ్ళకముందే మా నాయనమ్మ గిన్నెల మూట విప్పింది.

కాళ్ళమీద ఎందుకు పడలేదని సాయంత్రం తాతయ్యని అడిగాను. “పడితే ఆయన జాలిపడాలమ్మా. జాలి ఎన్నాళ్ళుంటుంది? పండు రుచి ప్రతి యేడూ గుర్తొస్తుంది,” అన్నాడు.

నేను చదివింది అయిదో తరగతే. కానీ ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. పెళ్ళయ్యాక నేను కుట్టుమిషను కొనుక్కుంటానంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. నేను ఎదురుచెప్పలేదు, ఏడవలేదు. ఆవిడ పెట్టె అడుగున చిరుగులు పట్టి పడున్న పెళ్ళిచీర అడిగి తీసుకుని, పక్కింటి అక్క మిషను మీద మా అమ్మాయికి పరికిణీ కుట్టి తొడిగాను. ఆవిడ మనవరాలిని అటు తిప్పి ఇటు తిప్పి, అంచు చాలాసేపు తడిమారు. తర్వాత లేచి, నడవలో వెలుతురు పడే మూల నుంచి బియ్యం డబ్బా తనే పక్కకి జరిపి, మిషను ఇక్కడైతే బావుంటుందా అని నన్ను అడిగారు.