ఇత్తడి సూక్ష్మదర్శినుల శకుంతలక్క

మొన్న మంగళవారం ఉదయం కోడంబాక్కం స్టేషనులో రైలు కోసం నిలబడి ఉండగా మునెమ్మ ఫోను చేసింది. "అమ్మా, అక్క పోయింది ప్పా. కాఫీ తాగి, పేపరు చూస్తా చూస్తా అట్నే ఒరిగిపోయింది" అంది. నేను ఎదురుచూస్తున్న రైలు వచ్చింది, వెళ్లిపోయింది. ఎక్కాలన్న సంగతే తోచలేదు. ముందురోజు సాయంత్రం కూడా నాతో ఫోనులో తగువాడిన మనిషి తెల్లారేసరికి లేదంటే బుద్ధి ఒప్పుకోదు. ఏళ్ల తరబడి క్లాసులో కరుణరసం గురించి ఉపన్యాసాలిచ్చినదాన్ని, ఆ పూట ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఆమెను ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. శకుంతలక్క ఉత్తర చెన్నైలోని మా మహిళా కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకురాలు. అదే వరండాలో పక్క గదిలో నేను తెలుగు చెప్పేదాన్ని. మునెమ్మ వాళ్ల ప్రయోగశాలలో అటెండరు. అక్కది తరతరాలుగా తొండియార్‌పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం, తండ్రి హార్బరులో ఉద్యోగి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. కోపం వచ్చినప్పుడు మాత్రం మూడూ ఒకే వాక్యంలో వచ్చేవి. ఆమె కోపాన్ని కూడా మేము గర్వంగానే చెప్పుకొనేవాళ్లం, ఎందుకంటే అది ఏనాడూ తన కోసం వచ్చింది కాదు.

ఆమె కీర్తికి మూలం ఆ ప్రయోగశాలలోని పాత ఇత్తడి సూక్ష్మదర్శినులు. తెల్లదొరల కాలంనాటివి. బరువైన ఇత్తడి గొట్టం, అడుగున వెలుగును పైకి పంపే గుండ్రటి అద్దం, ఒక్కో కటకానికి మూతతో ఒక్కో చిన్న ఇత్తడి డబ్బీ, పురుగును పట్టి నిలిపే సన్నటి పటకారు, చూస్తున్న బొమ్మ పక్కనున్న కాగితం మీద పడినట్టు కనిపించి గీసుకోవడానికి వీలుగా తగిలించే పట్టకం, వీటన్నిటినీ కడుపులో దాచుకునే ఎర్రచెక్క పెట్టె. వాటి ఆలనాపాలనా ఆమె వ్రతంగా స్వీకరించింది. వాటి విషయంలో ఆమెకున్న భయం ఒక్కటే, ఏదో ఒకనాడు అవి పనిముట్లు కాకుండా పోయి అద్దాల బీరువాలో బొమ్మలైపోతాయని. ఆమె జీవితమంతా ఆ భయంతో చేసిన యుద్ధమే అంటే అతిశయోక్తి కాదు.

ఆ యుద్ధానికి నాంది పలికింది ఒక ఆయుధపూజ. మా ఊళ్లో ఆయుధపూజంటే ఆటో దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ స్నానమూ బొట్టూ తప్పవు. అక్క కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మునెమ్మ భక్తికొద్దీ ముందురోజు ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసి, చింతపండూ బూడిదా వేసి బిందెను తోమినట్టు తోమింది. అది తళతళ మెరిసిపోతుంటే ప్రిన్సిపాల్ మొదలు అందరం బంగారంలా ఉందని మెచ్చుకున్నాం. అక్క ఒక్కతే దాన్ని చూసి స్టూలు మీద కూలబడింది. ఆ ఇత్తడి మీద యంత్రాన్ని తయారుచేసినవాళ్లు వేసిన పలుచటి లక్కపూత ఉంటుందనీ, దాని నిండు గోధుమ వన్నెను మేమంతా మురికి అనుకున్నామనీ అప్పటిదాకా మాకు తెలియదు. పూత పోయిన ఇత్తడిని మా సముద్రపు గాలి బతకనివ్వదు. సరస్వతీపూజ సెలవులు ముగిసేసరికి మరమేకుల దగ్గర పచ్చటి చిలుము మొదలైంది.

తన ఉద్యోగం పోయినట్టేననుకుంది మునెమ్మ. అక్క ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "పూజకని జేసినావు, నీ తప్పేముండాది? ఇప్పుడిది చొక్కా లేకుండా నిలబడింది. మనిద్దరం జేరి తొడగాల, అంతే" అంది.

చొక్కా తొడగడం అనుకున్నంత సులువు కాలేదు. కుర్చీలకు మెరుగు పెట్టే పనివాళ్ల దగ్గర లక్క రేకులు తెచ్చి స్పిరిట్‌లో కరిగించి పూశారు. చారలు పడ్డాయి. కడిగేసి మళ్లీ పూశారు. తెల్లగా మసకబారినట్టయింది. చాలాకాలం సాయంత్రాలు కాలేజీ ఖాళీ అయ్యాక ఆ గదిలోంచి స్పిరిట్ వాసనా, ఇద్దరాడవాళ్ల వాదులాటా వినిపించేవి. ఇత్తడిని ముందు గోరువెచ్చగా కాచాలని, కుంచెను ఒక్క ఊపున నడిపించాలని చివరికి పట్టుకున్నారు. మునెమ్మ కాచి అందిస్తుంది, అక్క ఊపిరి బిగబట్టి పూస్తుంది. "పూత ఒక్కసారే. సరిగ్గా పడలేదని వెనక్కి బోయి దిద్దినావో, మచ్చ పడతాది" అనేది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నేను మార్కులు కొట్టేసి మళ్లీ వేస్తుంటే కూడా నాకు ఇదే మాట వడ్డించేది. ఆ తర్వాత ఏటా ఆయుధపూజకు చందనం, కుంకుమ చెక్కపెట్టెలకే. ఇత్తడి జోలికి వెళ్లడానికి దేవుడికి కూడా అనుమతి లేదని మేము నవ్వుకునేవాళ్లం.

ఆమె హస్తవాసి క్రమంగా ఊరంతా పాకింది. ఇతర కళాశాలలవాళ్లు తమ పాత యంత్రాలను గోనెసంచుల్లో చుట్టి తెచ్చేవారు. ఆమె చేతిసంచిలో టిఫిను డబ్బా పక్కన ఎప్పుడూ ఎవరిదో ఒక కటకం ఉండేది. ఒకసారి బస్సులో కండక్టరుకు చిల్లరకు బదులు కటకం డబ్బీ అందించి, అతను మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపిందట. ఆ మధ్యాహ్నం ఆ కథ తనే చెప్పి తనే ఎక్కువగా నవ్వింది.

ఇంకో ముచ్చట. కోడంబాక్కం నుంచి సినిమావాళ్లు వచ్చి, తమ కథానాయకుడు శాస్త్రవేత్త అనీ, ఒక ఇత్తడి యంత్రం ఒకరోజుకు కావాలనీ అడిగారు. యంత్రంతో పాటు తానూ వస్తానంది అక్క. నన్నూ వెంటబెట్టుకుపోయింది. ఆ నటుడు కటకానికి మూత తీయకుండానే కన్ను పెట్టి ఆశ్చర్యం అభినయించాడు. అక్క వెళ్లి మూత తీసి, అద్దం వెలుగుకేసి తిప్పి, కింద ఈగ రెక్క పెట్టింది. లోపల ఏమున్నదీ తమ కెమెరాకు కనపడదు కదా, ఎందుకీ శ్రమ అని దర్శకుడు విసుక్కున్నాడు. "మీ కెమెరాకు కనపడదు సామీ. ఆయన మొహానికి కనపడతాది గదా" అంది. నటుడు చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. దర్శకుడు ఆ ముఖాన్నే కెమెరాలో పట్టుకుని మరో పనిలోకి వెళ్లిపోయాడు.

ఇక నేను పదిమందిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునే సంగతి. కాలేజీకి కరెంటు దీపాలతో కొత్త సూక్ష్మదర్శినులు వచ్చాయి. పాతవి పెద్ద హోటళ్ల అలంకరణకు కావాలని ఒక వ్యాపారి అడిగితే యాజమాన్యం సరేనంది. అక్క ప్రతి గడపా ఎక్కి పోట్లాడింది, ఓడిపోయింది. ఇత్తడివన్నీ పెట్టెల్లో సర్ది, తాళ్లు కట్టి వరండాలో పెట్టారు. వాటిని తీసుకుపోయే బండి మర్నాడు రావాలి. పెట్టెలు కట్టిన రోజే డిగ్రీ ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష.

పరీక్ష మొదలైన కాసేపటికే ఆ ప్రాంతంలో ట్రాన్స్‌ఫార్మరు పేలిపోయి కరెంటు పోయింది. కొత్త యంత్రాలన్నీ ఒక్కసారిగా గుడ్డివయ్యాయి. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి వాచీ చూసుకుని, పరీక్ష వాయిదా వేయక తప్పదన్నాడు. మనలి నుంచీ తొండియార్‌పేట నుంచీ వచ్చిన ఆడపిల్లలు, ఈ పరీక్ష గట్టెక్కితే ఉద్యోగంలో చేరాల్సినవాళ్లు కొందరు, ముఖాలు పాలిపోయి నిలబడ్డారు. అక్క ఆయనకేసి తిరిగి, "ఆకాశంలో కరెంటు పోలేదు గదండీ" అంది. అనడమేమిటి, మునెమ్మ కత్తి తెచ్చి తాళ్లు కోయడమూ అయిపోయింది. బల్లలు వరండాలోకి నడిచాయి. నా క్లాసు పిల్లలు కూడా పద్యం మధ్యలో వదిలి వచ్చి బల్లలు మోశారు. "అద్దాన్ని ఎండకేసి తిప్పబాకండి, కండ్లు పోతాయి. ఆ తెల్లగోడకేసి తిప్పండి" అని అక్క వరసంతా తిరుగుతూ చెప్పింది. ఒక్కొక్క అద్దమే గోడ వెలుగు పట్టుకుంది. ఆమె పూసిన లక్కపూత ఆ వెలుగులో తేనె రంగులో నిలిచింది. పిల్లలు బొద్దింక నోటి భాగాలు చూసి గీసి పరీక్ష ముగించారు. పరీక్షాధికారి చివర తనూ ఒకదాంట్లో కన్ను పెట్టి, తాను చదువుకున్నది ఇలాంటిదాని మీదే అని మెల్లగా చెప్పాడు. యాజమాన్యం అమ్మకం మానుకుంది, మర్నాడు వచ్చిన బండి ఖాళీగా వెనక్కి వెళ్లింది. ఆ రోజు ఆమె పక్కన నిలబడి ఉండటం నా ఉద్యోగ జీవితంలో నేను పొందిన అతి పెద్ద బిరుదు.

పదవీ విరమణ తర్వాత కూడా ఆమె రాక ఆగలేదు. మునెమ్మా రిటైరయింది, ఆమె రాకా ఆగలేదు. ఇద్దరూ కాలేజీ గేటు దగ్గర కలుసుకుని కబుర్లాడుతూ లోపలికి వచ్చేవారు.

నిన్న ఆ ప్రయోగశాలలోనే సంతాపసభ జరిగింది. అక్క పటం పక్కన, గౌరవంగా, ఆమె మొట్టమొదట లక్కపూత పూసిన పెద్ద సూక్ష్మదర్శినిని పెట్టి దానికీ చామంతి మాల వేశారు. మాల నుంచి నీళ్లు ఇత్తడి మీదికి కారుతున్నాయి. ఉపన్యాసాలు సాగుతున్నాయి. వెనక వరసలో కూర్చున్న మునెమ్మ లేచి నేరుగా ముందుకు వచ్చింది. "ఏంది ప్పా ఇది? మాల అక్క పటానికి యెయ్యండి. ఇది పనిజేసేది" అని, మాల తీసి, కొంగుతో తడి అద్ది, యంత్రాన్ని రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గర పెట్టింది. మునెమ్మ చామంతి పువ్వు ఒకటి గాజుపలక మీద విదిల్చి, నీటి చుక్క వేసి, అద్దం సరిచేసి పక్కకు తప్పుకుంది. ఆమె ఎవరినీ పిలవలేదు. వచ్చినవాళ్లమే వరస కట్టాం. పటం మీద పూలు వేయడం మాని ఒక్కొక్కరం వంగి చూశాం.

నా వంతు వచ్చింది. పుప్పొడి పసుపుపచ్చని ముళ్ల బంతులై కదలకుండా మెరుస్తోంది. ఎవరు చూస్తున్నా వెనక నిలబడి "ఏం కనపడింది?" అని అడగడం అక్క అలవాటు. తల ఎత్తి, కనపడింది అక్కా అని చెప్పబోతూ వెనక్కి తిరిగాను. ఆమె లేదు. ఇక ఎప్పటికీ ఉండదన్న సంగతి నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. నా వెనక ఈ ఏడాది చేరిన పిల్ల ఎవరో, అక్కను ఎన్నడూ చూడని పిల్ల, జడ ముందుకు పడకుండా వెనక్కి వేసుకుని తన వంతు కోసం నిలబడి ఉంది. పక్కకు జరిగి ఆ పిల్లకు చోటిచ్చాను.