తూకానికి కొన్న ప్రేమ నవలలు

ప్రేమ నవలల్ని తూకానికి కొన్న మొనగాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నూట ముప్పై ఆరు నవలలు, కిలో పదిహేను రూపాయల లెక్కన. అదీ ఊరికే కొనలేదు. గోనెసంచి బరువు తీయించాను. అట్టలు లేనివాటికి విడిగా తరుగు అడిగాను. పైన రెండు వంటల పుస్తకాలు ఉత్తినే వేయించుకున్నాను. విజయనగరం గంటస్తంభం వెనక సందులో అద్దె పుస్తకాల కొట్టు మూసేస్తున్న పెద్దాయన చివరికి కాటా దగ్గర చేతులెత్తేసి, "ఏ ఊరు బాబూ నీది?" అని అడిగాడు. నెల్లిమర్ల అన్నాను. "కొట్టున్నాదా?" అన్నాడు. మా తాత నాటినుంచీ ఉందన్నాను. "మరదే," అన్నాడు.

ఆ మాటని నేను చాలా రోజులు పొగడ్త కిందే జమ కట్టుకున్నాను.

నిజానికి నాకు నవలలతో పని లేదు. జూట్ మిల్లుకి పోయే దారిలో మా కొట్టు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను చదివిందల్లా బస్తాల మీది మార్కులు, డబ్బాల మీది తేదీలు. నవలలు కావలసింది మా ఆవిడకి. ఆమె మా మేనత్త కూతురు, కొత్తవలస పిల్ల, చిన్నప్పటినుంచీ పుస్తకాల పురుగు. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండువేల పన్నెండులో మూడోసారి నాలుగో నెల నిండగానే డాక్టరమ్మ, కాన్పు దాకా మంచం దిగకూడదని గట్టిగా చెప్పింది. కాళ్ళవైపు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి పడుకోబెట్టాం. టీవీ తెచ్చి గదిలో పెడతానంటే, "ఆ ఏడుపులు నాకొద్దు," అంది.

మూడోరోజు మధ్యాహ్నం నేను గోదాంలోంచి వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గర స్టూలు మీద కూర్చుని ఎవరికో చిల్లర ఇస్తోంది.

"ఒసే, బుద్ధున్నాదా నీకు? డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"పడుకోమంది. పడుకుని ఏటి సెయ్యాలో సెప్పలేదు. పొద్దల్లా ఆ దూలాలు లెక్కెడతన్నాను బావా. మంచి ప్రేమ నవల ఒకటి తే. అది సేతిలో ఉంటే లెగను, ఒట్టు."

"మంచిదంటే ఎలాగుండాల?"

"సదూతుంటే పక్కన ఇంకో మనిషి ఉన్నట్టుండాల. నన్ను బుర్ర లేనిదాన్ని సేసి మాటాడకూడదు."

పప్పు కావాలని ఎవరైనా అంటే ఏ పప్పు, ఏ రకం, ఎంతలో అని అడగడం నాకు వచ్చు. పక్కన మనిషి ఉన్నట్టుండే సరుకు ఎక్కడ అమ్ముతారో ఎవర్నడగాలి?

అలా వెళ్ళాను ఆ అద్దె పుస్తకాల కొట్టుకి. పెద్దాయన మర్యాదగానే మొదలెట్టాడు. పుస్తకం ఇరవై అన్నాడు. "సదివేది ఎవరు? మీ ఇంటావిడా? ఆవిడకి ఏవి నచ్చుతాయో సెప్పు బాబూ, నాలుగు నేనే ఏరి ఇస్తాను," అన్నాడు. అక్కడే నాలోని వ్యాపారి మేలుకున్నాడు. కొట్టువాడు తనే ఏరి ఇస్తానంటే దాని అర్థం నాకు తెలీదా? "ఇది పట్టుకెళ్ళండి, ఫస్టుగా ఉంటుంది" అని మేం చేతిలో పెట్టేది రేపో మాపో పురుగు పట్టబోయే రవ్వని. ఏరుడు వద్దు, మొత్తం లాటు ఎంతకిస్తావన్నాను. చిత్తుకాగితాల వాడు కిలో పది ఇస్తానన్నాడని తెలుసుకుని, దాని మీద ఐదు పెంచి, దాతలా మొహం పెట్టాను.

మొదటి పది రోజులూ ఇల్లు కురుక్షేత్రం. మా ఆవిడ రెండు గంటలకో నవల ముగించి గోడకేసి కొట్టేది.

"బావా! ఈడూ ఆరడుగులే!"

ఆ బస్తాలో ప్రతి మగాడూ ఆరడుగులే. ఒక్కడికీ అంగుళం తగ్గలేదు. నేను అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ లెక్కన నాకు పెళ్ళే కాకూడదు. ప్రతివాడికీ ఎస్టేటు ఉంటుంది, ఎస్టేటులో పనిచేసేవాడు మాత్రం ఒక్కడూ కనిపించడు. నలభయ్యో పేజీలో హీరోయిన్ చెంప పగలగొడతాడు, నలభై రెండులో ఆమెకి అతని మీద ప్రేమ పుడుతుంది. "నువ్వొక్కసారి నన్ను కొట్టి సూడు, ఏటి పుడతాదో సూపిస్తాను," అంది మా ఆవిడ పడుకునే. హీరోయిన్ కళ్ళు కలువరేకులు. కలువరేకులు ఎలా ఉంటాయో రాసినవాళ్ళెవరూ ఎప్పుడూ చూసినట్టు లేదు. వాన పడితే చాలు, ఇద్దరూ పాడుబడ్డ బంగళాలో దూరతారు. కొన్నింట్లో చివరి కాగితాలు పోయాయి. అలాంటి ఒకదాంట్లో ఎవరో పెన్సిలుతో "పెళ్ళయిపోతుంది" అని రాసి పుణ్యం కట్టుకున్నారు.

పదకొండో రోజు మా ఆవిడ మళ్ళీ లేచింది. పెరట్లో బట్టలు తీస్తూ మా అమ్మ కంటపడింది. ఆ సాయంత్రం చిన్న రక్తపు మచ్చ కనిపించింది. ఆటోలో విజయనగరం తీసుకెళ్ళాను. బిడ్డకి ఏమీ కాలేదు గానీ, ఇంకోసారి లేస్తే నా దగ్గరికి రావద్దని డాక్టరమ్మ కేకలేసింది. తిరిగొస్తుంటే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని, "ఒట్టేసి కూడా లెగిసాను బావా," అంది. నాకు కోపం రాలేదు. పనికిమాలిన సరుకు తెచ్చింది నేను.

ఆ మర్నాటినుంచి నేనే పరీక్ష చేసి ఇద్దామనుకున్నాను. బస్తా కొనేటప్పుడు ఇనప గొట్టం గుచ్చి నడుమనుంచి గుప్పెడు తీసి చూస్తాం. పైన మంచిది పోసి అడుగున తాలు పోసే వాళ్ళుంటారు. నడుమ సరుకు అబద్ధం ఆడదు. నవలకీ అదే పద్ధతి: సరిగ్గా మధ్య పేజీ తీసి చదవడం. చెంపదెబ్బో, వానో, కలువరేకులో తగిలితే తీసేయడం. ఏమీ జరగకపోయినా తీసేయడం. అది ఉత్త తాలు.

తీసేసినవి పారేస్తే కొట్టువాణ్ణి ఎలా అవుతాను? కుట్లు విప్పి కాగితాల్ని పొట్లాల మేకుకి గుచ్చాను. నవల కాగితం యాభై గ్రాముల పొట్లానికి కొలిచి చేసినట్టుంటుంది. మా అమ్మ ఆవాలూ, జీలకర్రా, మెంతులూ కట్టేది. వారం తిరక్కుండా సగం లాటు మిల్లు క్వార్టర్ల వంటిళ్ళకి చేరిపోయింది. నా పరీక్షలో నెగ్గినవి అయిదో ఆరో. వాటినీ మా ఆవిడ గోడకేసే కొట్టింది.

ఒకరోజు కడుపుబ్బరంగా ఉందంటే మా అమ్మ వాము పొట్లం తీసుకెళ్ళి ఇచ్చింది. కాసేపటికి లోపల్నుంచి కేక.

"బావా! ఇదేటి?"

పరిగెత్తాను. వాము దుప్పటి మీద పోసి ఉంది. కాగితం రెండు చేతులా పట్టుకుని ఉంది.

"వాము," అన్నాను.

"కాయితం గురించి అడుగుతన్నాను. ఏ పుస్తకంది?"

చూడగానే గుర్తుపట్టాను. నా పరీక్షలో తప్పిన పేజీ. ఒకడు గొడుగు బాగుచేసుకుంటూ ఉంటాడు. భార్య అన్నం తిన్నావా అని అడుగుతుంది. తిన్నానంటాడు. తినలేదని ఆమెకి తెలుసు. తెలిసినట్టు బయటపడకుండా ఇంకో కంచం పెడుతుంది. అంతే. ఇందులో ప్రేమెక్కడుందని తీసేశాను.

"మిగతాది ఎక్కడున్నాది?" అంది. నేను దుప్పటి మీది వాము ఎత్తసాగాను. "సెప్పు బావా. తెస్తావా, నన్నే లెగమంటావా?"

మేకు దగ్గరికెళ్ళి చూస్తే సగమే ఉంది. మిగిలింది ఆ రెండు రోజుల్లో అమ్ముడైపోయింది. ఎవరెవరు ఆవాలూ జీలకర్రా పట్టుకెళ్ళారో మా అమ్మకి నోటికి వచ్చు. ఆవిడ చెప్తుంటే రాసుకుని బయల్దేరాను. నా జీవితంలో అమ్మిన సరుకు కోసం కొనుక్కున్నవాళ్ళ గుమ్మం ఎక్కింది అప్పుడే.

"ఆవాల పొట్లం కాయితమా? ఏం, ఆవాల్లో ఏటైనా కలిసిందేటి?" అంది మొదటింటావిడ.

"ఏటీ కలవలేదమ్మా. కాయితమే కావాల."

ఆవిడ పక్కింటివైపు తిరిగింది. "ఒలే, ఇలా రాయే! పొట్లం కాయితం ఎనక్కి ఇచ్చీమంటన్నాడు సూడు. ఈ బాబుకి పిసినారితనం ముదిరిపోనాది!"

అయినా కాగితం ఇచ్చింది. పొయ్యి పక్కన నలిగి ఉంది. చర్చి వీధిలో రిటైరైన టీచరమ్మ అయితే పొట్లం కాగితాన్ని చేత్తో సాపు చేసి బైబిల్లో పెట్టుకుని ఉంది. "జీలకర్ర డబ్బాలో పోస్తూ చదివాను బాబూ. చక్కటి తెలుగు. ఇస్తాను గానీ, మొత్తం దొరికాక పుస్తకం నాకూ పంపాలి," అంది. పధ్నాలుగిళ్ళు తిరిగాను. ఆరు పేజీలు తప్ప అన్నీ దొరికాయి. ఆ ఆరూ ఎవరి పొయ్యిలోనో పోయాయి.

ఈలోగా క్వార్టర్లలో మా ఆవాలు కల్తీ అని పుకారు పుట్టింది. వద్దన్నా వినకుండా ఒక్కొక్కరూ వెనక్కి తెచ్చారు. మార్చి ఇచ్చాను.

మా ఆవిడ ఆ కాగితాల్ని పొట్టమీద పరుచుకుని వరసలో పెట్టుకుంది. నూనె మరకలూ, పసుపు మరకలూ. నాలుగు రోజులు గదిలోంచి కేకే రాలేదు. పోయిన పేజీల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించి చెప్పబోతే, "నువ్వు సెప్పకు. నీ ఊహలో ఈడు కూడా ఆరడుగులైపోతాడు," అంది.

అప్పుడు చూశాను ఆ పుస్తకం వెనక అట్టకి అంటించిన చీటీ. ఎవరు ఏ తేదీన పట్టుకెళ్ళారో మెంబరు నంబర్లు వేసే చీటీ. ఆరడుగుల వాళ్ళ నవలల్లో అవి కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కో నంబరూ ఒక్కసారే. దీనికి వచ్చినవాళ్ళు తక్కువ. కానీ యాభై ఎనిమిదో నంబరు ఏడుసార్లు వచ్చింది, నూట పన్నెండో నంబరు నాలుగుసార్లు. నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీదే. ఒక్కసారి వచ్చి పది రకాలు కొన్నవాడికన్నా నెలనెలా అదే పప్పుకి తిరిగొచ్చేవాడు సరుకు మంచిదనడానికి సాక్షి అని మా కొట్లవాళ్ళ ఇళ్ళల్లో మాటలు రాని పిల్లలకి కూడా తెలుసు. ఆ పెద్దాయన ఏరి ఇస్తానన్నది ఈ చీటీలు చూసేనేమో. అడుగుదామని వెళ్తే ఆ గదిలో అప్పటికే సెల్‌ఫోన్ రీచార్జీల కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు.

మిగిలిన పుస్తకాల వెనక చీటీలన్నీ వెతికాను. తిరిగొచ్చిన నంబర్లున్నవి మూడే మూడు దొరికాయి. మూడింట్లోనూ యాభై ఎనిమిది ఉంది. మా ఆవిడ మూడింట్లో ఒక్కదాన్నీ గోడకేసి కొట్టలేదు. మేకుకెక్కి పోయిన వాటిలో అలాంటివి ఎన్నున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

ఎనిమిదో నెల చివర్లో ఆడపిల్ల పుట్టింది. చిన్నగా, ఎర్రగా, గట్టిగా ఏడుస్తూ. ఇంటికి తీసుకొచ్చాక ఒకరోజు కూర్చుని లెక్క చూశాను. పుస్తకాలకి నాలుగువందల ఇరవై. ఆటోకి ఎనభై. మార్చి ఇచ్చిన ఆవాలు మూడు కిలోలు, నూట ఎనభై. మరకల పుస్తకం బైండుకి నలభై. మొత్తం ఏడువందల ఇరవై. పొట్లాల కాగితం మిగులు నూట యాభై తీసేస్తే అయిదువందల డెబ్బై. చదవదగ్గ నవలలు నాలుగు, అందులో ఒకదానికి ఆరు పేజీలు తక్కువ. ఒక్కోటి నూట నలభై రెండున్నర పడింది. అప్పట్లో షాపులో కొత్త నవల డెబ్బైకి వచ్చేది.

పోనీ, ఆవిణ్ణి మంచం దిగకుండా ఉంచాయి కదా అని లాభం వైపు రాయబోయాను. రాసేముందు రోజులు లెక్కపెట్టాను. మంచం మీద ఉన్నది నూట ఇరవై ఆరు రోజులు. ఆ నాలుగు నవలలూ, మళ్ళీ మళ్ళీ చదివినవి కూడా కలిపితే, ముప్పై ఒక్క రోజులు వచ్చాయి. మిగతా తొంభై అయిదు రోజులూ చేతిలో చదవదగ్గదేమీ లేకుండా, తనంతట ఆవిడే పడుకుంది.