పచ్చగీతల్లో లేని మగ్గం

మా అక్కకి చీరలు నేసి ఇచ్చేవాళ్ళ ఊరు బందరు దారిలో, కాలువ పక్కన ఉండేది. పొద్దున్నే అక్కడ బస్సు దిగితే వీధి పొడవునా పడుగు సాగదీసి కనిపించేది. గంజి పట్టించిన నూలుపోగులు, ఇళ్ళ ముందు నడుమెత్తున, ఆ మలుపు దాకా. మంచు విడవని వేళల్లో అది నూలో, మంచే పోగులుగా విడిపోయి నిలబడిందో తెలిసేది కాదు. మనుషులు దాని వెంట కుంచెలు పట్టుకుని మాట్లాడకుండా నడిచేవాళ్ళు. ఆ వీధి ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. కలలో పడుగుకి చివర ఉండదు.

నేను విజయవాడలో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి. డెస్కు డ్యూటీ సాయంత్రం మొదలు కాబట్టి పగళ్ళన్నీ వన్‌టౌన్‌లో అక్క బట్టల దుకాణంలో గడిచేవి. దుకాణం పూర్తిగా అక్కదే. బావ కాలేజీ లెక్చరరు. ఆయనకి చీరకీ దుప్పటికీ తేడా తెలియదని అక్క అందరి ముందూ అనేది, ఆయన నవ్వేవాడు. తెల్లటి పరుపుల మీద కొత్త బట్ట వాసనలో, ఫ్యాను కింద, సగం నిద్రలో నేను ఇంగ్లీషు పేపర్లు చదువుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఊళ్ళోకి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద చీరల షాపు వాళ్ళు అక్క మగ్గాలన్నిటికీ ఏడాది పొడవునా పని ఇస్తామన్నారు. నూలు కూడా వాళ్ళే పంపుతారు. వానాకాలంలో గుంట మగ్గాల్లో నీరూరి, పడుగులు ఆరక, పనులు నిలిచిపోయే మనుషులకి అది చిన్న మాట కాదు. షరతు ఒకటే. ఏ మగ్గం మీంచి ఎన్ని చీరలు దిగాయో వాళ్ళు హైదరాబాద్‌లో కూర్చుని రోజూ చూసుకోవాలి. వరసగా కొన్ని వారాలు చీర దిగని మగ్గానికి నూలు ఆగిపోతుంది.

అక్క కంప్యూటర్‌లో మగ్గాల వివరాలన్నీ అప్పటికే ఉన్నాయి. వాటిని హైదరాబాద్ వాళ్ళు చెప్పిన వెబ్‌సైట్‌కి కలపడానికి గన్నవరం నుంచి ఒకమ్మాయి వచ్చింది. కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. మన దగ్గరున్న వివరాలు మన దగ్గరే ఉంటాయనీ, తాను పెట్టే చిన్న ప్రోగ్రాం గంటకోసారి లేచి, కొత్తగా చేరిన వాటిని పైకి పంపి మళ్ళీ పడుకుంటుందనీ చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది. గంటకోసారి లేచే ప్రాణి ఒకటి మా దుకాణంలో చేరినట్టు అనిపించింది.

"ఇక్కడ పచ్చగా వస్తే కలిసినట్టండి మేడమ్."

"ఎర్రగా వస్తే?" అంది అక్క.

"రాదండి."

ఎర్రగా వచ్చింది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది, ఏదో దారి తెరవాలంది, కరెంటు పోయింది, వచ్చింది. "అమ్మాయ్, నువ్వు ముందు మజ్జిగ తాగు, దాని సంగతి తర్వాత చూద్దాం" అంది అక్క. మజ్జిగ తాగేలోపు పచ్చచుక్క వెలిగింది. తెర మీద ఒక్కో మగ్గానికి ఒక్కో గీత లేచింది. వీధి చివర్నుంచి పడుగు సాగినట్టే ఉంది చూడ్డానికి. అరవై డెబ్భై కిలోమీటర్ల అవతల మగ్గాల్లో అటూ ఇటూ ఆడుతున్న నాడెల చప్పుడు ఆ తెర లోపల ఎక్కడో వినిపిస్తున్నట్టు చాలాసేపు కూర్చుండిపోయాను.

అక్క మాత్రం ఒక గీత దగ్గర ఆగిపోయింది. అది లేవలేదు. అడుగున సున్నా ఉంది, చుట్టూ ఎరుపు.

"ఇది బాబాయ్‌ది రా" అంది నాతో.

ఆ బాబాయ్ మాకు చుట్టమేమీ కాదు. ఆ ఊళ్ళో పెద్ద నేతగాడు. సన్నగళ్ళ చీరలు నేసేవాడు. మిగతావాళ్ళు ఒక చీర పూర్తికాగానే కోసి, మిగిలిన పడుగుని మళ్ళీ ముడేసుకుని నేసేవారు. ఆయన అలా కాదు. మధ్యలో కోస్తే బిగువు పోతుందని పడుగంతా అయ్యేదాకా కత్తెర పెట్టేవాడు కాదు. నెలా నెలన్నర సున్నా, తర్వాత ఒకేసారి నాలుగు చీరలు. కోసిన చీరనే అక్క కంప్యూటర్‌లో ఎక్కించేది. కోయనిది దానికి లేనట్టే.

"వారానికొకటి దిగినట్టు వేసేద్దామండి. కోసినప్పుడు సరిచేసుకోవచ్చు" అంది గన్నవరం అమ్మాయి.

అక్క కాదనలేదు. కాకపోతే మగ్గం మీద ఎంతుందో అడిగి అంతే వేద్దామని, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళింది. ఆయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నేసిన బట్ట ఒళ్ళో కర్రకి చుట్టుకుని ఉంది.

"ఎంతవరకు వచ్చింది బాబాయ్?"

"వస్తోందమ్మాయ్."

"అది కాదు, ఎన్ని చీరలయ్యాయి?"

"నేసేటప్పుడు లెక్కపెడతారేంటి? లెక్కపెడితే చెయ్యి తొందరపడుద్ది."

పక్కన నూలు కండెలకి చుడుతున్న ఆయన భార్య తల ఎత్తకుండానే అంది: "ఆయన్ని అడుగుతావేంటమ్మా! పొద్దున ఎన్నిడ్లీలు తిన్నాడో అడుగు, అదీ చెప్పలేడు."

"నువ్వు పెట్టే రెండింటికి లెక్కెందుకు?" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. మేమెందుకు వచ్చామో వాళ్ళు అడగలేదు. ఈ నూలు ఆగిపోతే ఆ వయసులో ఆయనకి ఇంకెవరూ పడుగు ఇవ్వరు. ఆ సంగతి అక్కకి తెలుసు, నాకూ తెలుసు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని కాలువనే చూస్తూ వచ్చింది. నీళ్ళ మీద ఆకాశం బస్సుతో పాటే నడిచింది. ఉయ్యూరు దాటాక, "ఆయన చెప్పని చీర నేనెలా దింపను రా?" అంది. నేనేదో అనబోయాను. అప్పటికే మళ్ళీ కాలువ వైపు తిరిగింది.

మర్నాడు హైదరాబాద్ నుంచి ఆ షాపు మేనేజరు ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది.

"మేడమ్, అంతా బాగుందండి. ఒక్క మగ్గం ఎర్రగా ఉంది. మా సార్ పొద్దున్నే టీ తాగుతూ ఇదే చూస్తారు. ఎరుపు కనబడితే టీ పక్కన పెట్టేస్తారండి."

"చక్కెర ఇంకాస్త వేయమనండి."

ఆయన నవ్వాడు. "జోక్ కాదండీ. దాని సంగతేంటి? ఆడుతోందా, ఆగిందా?"

"ఆడుతోందండి. చీర మాత్రం ఎప్పుడు దిగుతుందో చెప్పలేను."

"అలా అయితే నూలు పంపలేమండి. రూలు కదా."

ఫ్యాను తిరుగుతోంది. బయట రిక్షా మీంచి ఎవరో మూటలు దించుతున్నారు.

"ఆ మగ్గం మీ లెక్కలోంచి తీసేయండి. అది మీది కాదండీ, నాది" అంది అక్క.

గన్నవరం అమ్మాయి ఆ మధ్యాహ్నమే వచ్చి, ఆ ఒక్క మగ్గం వివరాలు పైకి వెళ్ళకుండా చేసింది. అక్క కంప్యూటర్‌లో అలాగే ఉంటాయి, పంపేటప్పుడు మాత్రం ప్రోగ్రాం దాన్ని దాటేసి పోతుంది. తెర మీద ఎర్రగీత మాయమైంది. మిగతా పచ్చగీతలు ఒకదాని పక్కకొకటి జరిగి ఆ ఖాళీ మూసేశాయి.

"ఆయన చీరలు ఇకమీదట ఎక్కడ అమ్ముతావే?" అని అడిగాను.

"ఇక్కడే, ఈ పరుపు మీద. నువ్వు కాస్త కాళ్ళు ముడుచుకుంటే చోటు సరిపోద్ది."

తర్వాతి పడుగుకి నూలు అక్కే కొంది. ముసురు పట్టిన రోజు, ఇద్దరం బస్సులో తీసుకెళ్ళాం. నూలుకట్ట తడుస్తుందని బస్సు పైన పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో ఆ రోజు పడుగుల్లేవు, చూరుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. బాబాయ్ గుంటలోంచి లేచి వచ్చి, కట్ట విప్పి, ఒక పోగు లాగి చెంపకి ఆనించి చూశాడు.

"కొత్త నూల్లా ఉందే. ఎవరిదమ్మాయ్?"

"నాదే బాబాయ్."

"చెమ్మ తగిలింది. రెండ్రోజులు ఆరాలి" అని కట్టని భార్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పొయ్యి గదిలో, వెచ్చగా ఉండే గోడ పక్కన, దండెం మీద ఒక్కో నూలుచిలప విడదీసి ఆరేస్తూ ఉంటే మేం గడపలో కూర్చుని, వాన తగ్గేదాకా ఆ వీధి చూస్తూ ఉన్నాం.