పెరటి దారిన వచ్చిన చక్రాలు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాస్తే మంచి మాటలు రాయాలి. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నది కోపం. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ మడిచి లోపల పెట్టాను. ఇది మూడోసారి. కోపం ఇంతవరకూ తగ్గలేదంటే ఇక తగ్గేది కాదు. దానితోనే రాస్తాను.

మా వదిన పోయింది. మా అన్న అంతకుముందే పోయాడు. మంగళవారం పొద్దున అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయనా, అమ్మ లెయ్యలేదు" అన్నాడు. పోయింది అనలేదు, లెయ్యలేదు అన్నాడు. నేను వెళ్ళేసరికి దుప్పటి సగం కప్పుకుని, రోజూ పడుకున్నట్టే గోడవైపు తిరిగి ఉంది. డెబ్బై దాటిన మనిషి. మంచం పట్టలేదు, ఆసుపత్రి చూడలేదు. అట్లా పోవడం అదృష్టమని వచ్చినవాళ్ళంతా అన్నారు. కావచ్చు. చావు మీద నాకు కోపం లేదు. నా కోపం పెద్దదినం నాడు మొదలైంది.

ఈమధ్య మా గార్లదిన్నె పక్క పల్లెల్లో పెద్దదినం భోజనాలకు ముందు మైకు పెట్టే అలవాటు వచ్చింది. మా నాయన పోయినప్పుడు మైకు లేదు. ఎవరేం చెప్పుకోవాలన్నా విస్తరాకు ముందు కూర్చుని పక్కవాడి చెవిలో చెప్పుకునేవాళ్ళు, కాబట్టి నిజాలే చెప్పుకునేవాళ్ళు. మా నాయన పిసినారి అని నాకు తెలిసింది ఆ రోజే. మైకు వచ్చాక అందరికీ ఒకే మాట వస్తోంది. మా వదిన గురించి ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ కాఫీ గురించే మాట్లాడారు. చివర్న మా ఊరి పాలకేంద్రం పెద్దమనిషి లేచి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయమ్మ అన్నపూర్ణప్పా. ఎవురు ఇంటికి పోయినా కాఫీ ఇయ్యకుండా పంపింది లేదు" అన్నాడు.

మీరు ఆ ఇంటికి పోయింది కాఫీ కోసం కాదు.

చెప్తాను వినండి. మా వదిన మోటార్ సైకిల్ చక్రాలకు బేరింగులు మార్చేది. ఇంట్లోనే, పెరట్లో, రెండు ఇటుకల మీద చక్రం పెట్టుకుని. అరిగిపోయి, తుప్పు పట్టి, టౌను మెకానిక్కులు కూడా చేతులెత్తేసిన మొండి బేరింగులను ఊడదీసేది. ఇరవై ఏళ్ళకు పైగా చేసింది. ఈ ఊర్లో ఆమె చేతి మీదుగా పోని చక్రం ఏదైనా ఉంటే అది ఎద్దులబండిదై ఉండాలి.

మొదలైంది ఇట్లా. మా అన్న బండికి వెనక చక్రం బేరింగు ఒకే సంవత్సరంలో మూడోసారి పోయింది. చీనీతోటకు పోయే దారి రాళ్ళూ గుంతలూ, అన్నకు నడుంనొప్పి, అందుకని అన్నా వదినా ఇద్దరూ కలిసి చక్రం పట్టుకుని టౌనుకు పోయారు. మెకానిక్కు కొత్త బేరింగును చక్రం నడిమి హబ్బులో పెట్టి సుత్తితో సరిగ్గా నడిమధ్య కొడుతున్నాడు. బల్ల మీద కూర్చున్న మా వదిన అడిగింది.

"అన్నా, నడిమధ్యన కొడతాండావే, దెబ్బ గోళీలకు తగలదా?"

"ఏమ్మా, నేనొచ్చి మీ ఇంట్లో సంగటి కెలికేది నేర్పిస్తానా?"

"రా, నేను నేర్పిస్తా. నీకు ఇదెట్లాగూ రాలేదు, అదన్నా వస్తాదేమో చూద్దాం."

అంతటితో బేరం చెడింది. సగం బిగించిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చింది. ఆ చక్రాన్ని తనే విప్పింది, తనే చెడగొట్టింది, మళ్ళీ బేరింగులు తెప్పించి తనే బాగుచేసింది. ఆమెకు గురువు లేడు. బేరింగు ఎందుకు పోయిందో కనిపెట్టేదాకా అన్నం తినని గుణం ఉంది, అంతే.

బేరింగు అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. ఒక చిన్న ఇనుప గాజు, దాని చుట్టూ ఒక పెద్ద గాజు, రెంటి మధ్యన గోళీలు. ఇరుసుకు రెండు పక్కలా ఇవి ఉంటేనే చక్రం తిరిగేది. మా వదిన వాటిని లోపలి గాజు, బయటి గాజు అనేది. "కొత్తది ఎక్కించేటప్పుడు బయటి గాజు మీదనే కొట్టల్ల. లోపలి గాజు ముట్టుకున్నావంటే ఆ బేరింగు ఈ పొద్దే ముసల్దైపోతాది" అనేది. కొట్టడానికి ఆమెకు సుత్తి కూడా అక్కర్లేదు. పాత బేరింగును కొత్తదాని మీద బోర్లించి, దాని మీద కొర్రలు దంచే రోకలితో పోటు వేసేది. హబ్బును స్నానాల కాగులో మరిగిన నీళ్ళతో కాచేది. కొత్త బేరింగులను ముందురోజే ఫ్రిజ్జులో మంచు అరలో పెట్టేది, చల్లబడి కాస్త ముడుచుకుంటే సులభంగా ఎక్కుతుందని. పెరుగు గిన్నె పక్కన బేరింగులేమిటని అన్న గొణిగితే, "పెరుగు ఏమన్నా అనిందా నీతో?" అని అడిగేది.

చక్రం శబ్దం చూడాలంటే గరిటె కాడ ఇరుసుకు ఆనించి, గరిటె చెవికి పెట్టుకుని, చక్రం తిప్పమనేది. విని, "ఎడమపక్కది. ఉగాది దాకా లాగుతాది" అనేది. లాగేది కూడా.

ఆమె తిట్టగా నేను విన్నది ఒక్క విషయంలోనే. వానలు లేని ఈ ఊర్లో బేరింగులు తుప్పెందుకు పడతాయి? ఆమె చెప్పేదాకా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. తాగడానికి నీళ్ళు లేవని ధర్నాకు పోయివచ్చిన మగవాడు, బోరులో కాసిని నీళ్ళు పడగానే బండి కడగడానికి పైపు తెచ్చి తిన్నగా చక్రం నడుముకే పెడతాడు. దుమ్మూ నీళ్ళూ కలిసి లోపలికి పోయి గ్రీజును కడిగేస్తాయి. "చెట్లకు పోయండ్రా అంటే బండ్లకు పోస్తారు. కరువులో కూడా తుప్పు పట్టిచ్చే మొగోళ్ళు మీరే" అనేది.

ఇక అసలు సంగతి. ఆమె దగ్గరికి చక్రాలు ఎప్పుడూ వీధివాకిట్లోంచి రాలేదు. పెరటి దారిన వచ్చేవి, గోతాం చుట్టుకుని. ఆడమనిషి చేత బండి బాగుచేయించుకున్నాడని తెలిస్తే మగవాడికి నామోషీ. చక్రం గోతాంలో వచ్చేది, గోతాంలో పోయేది, రచ్చకట్ట దగ్గర మాత్రం "టౌన్లో వేయించినా" అనేవాళ్ళు. ఇట్లా ఎందుకు ఒప్పుకుంటావు వదినా అని ఒకసారి అడిగాను. "నాకు కావల్సింది చక్రమప్పా. సిగ్గు వాళ్ళదే, వాళ్ళే మోసుకొస్తారు, వాళ్ళే మోసుకపోతారు" అంది. నవ్వుతూ అంది. ఆ నవ్వు మీద కూడా నాకు కోపమే. ఒక్కరోజు గట్టిగా అరిచి ఉంటే ఏం పోయేది?

నా సంగతి కూడా చెప్పకపోతే ఇదంతా మైకు మాటే అవుతుంది. నా బండికీ ఆమే వేసింది. టీ అంగడి దగ్గర ఎవరో, "బండి మెత్తగా పోతాండాదే, ఎవురు వేసినారు బేరింగులు?" అన్నారు. నాలుగు పుస్తకాలు చదువుకున్నవాణ్ణని ఊర్లో నాకో పేరుంది. ఆ పేరు నోరు తెరిచి, "నేనే" అంది. పాల చెంబుతో వెనకే వస్తున్న మా వదిన విన్నది. ఆ తర్వాత ఎప్పుడు కనపడినా, "ఏమప్పా, నువ్వేసిన బేరింగులు ఎట్లుండాయి?" అని అడిగేది. చచ్చేదాకా అడిగింది.

అందుకే పెద్దదినానికి కట్టే ఫ్లెక్సీ మీద ఏం రాయాలని అన్న కొడుకు అడిగినప్పుడు, బేరింగుల సంగతి ఒక్క ముక్క రాయమన్నాను.

"బాగుండదు చిన్నాయనా. ఊర్లో నగుతారు."

"నగేవాళ్ళందరి బండ్లూ మీయమ్మ చేసిందే గదరా."

"అందుకే నగుతారు" అన్నాడు. వాడు తెలివిగలవాడు. ఫ్లెక్సీ మీద గులాబీలు వేయించాడు.

దినాలు అయిన మరునాడు ఇల్లు సర్దుతూ ఉంటే పెరట్లో ఇటుకల మీద ఒక వెనక చక్రం కనపడింది, పక్కన గోతాం. ఒక పక్క బేరింగు ఊడదీసి ఉంది. రెండోది విరిగి, లోపలి గాజు ఊడి, బయటి గాజు హబ్బులోనే బిగుసుకుని ఉంది. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామన్నాడు అన్న కొడుకు. వద్దన్నాను. ఆ చక్రం ఎవరిదో ఊరంతటికీ తెలుసు. పాలకేంద్రం పెద్దమనిషి బండి రెండు వారాలుగా వెనక చక్రం లేకుండా, టార్పాలిన్ కప్పుకుని, ఆయన వాకిట్లో రాళ్ళ మీద నిలబడి ఉంది. ఆయన రోజూ బస్సుకు పోతున్నాడు. చక్రం అడగడానికి మాత్రం రాలేదు. అడిగితే ఎవరికిచ్చాడో ఒప్పుకోవాలి. మైకు ముందు ఏడ్చిన మనిషి తన చక్రాన్ని ఇనుపసామాన్లకైనా వదులుకుంటాడు గానీ, ఆ ఒక్క మాట ఒప్పుకోడు. ఆమె బతికిందంతా ఆ గోతాంలోనే చుట్టి పారేస్తారని అప్పుడు నాకు అర్థమైంది.

ఆ చక్రాన్ని పూర్తిచేసి, వీధి వెంబడి తీసుకుపోవాలని నిర్ణయించుకున్నాను.

కొన వంచిన ఇనుప చువ్వతో రెండో పక్కనుంచి కొట్టాను. కోపంతో కొట్టాను. కొట్టిన ప్రతి దెబ్బకూ ఆ గాజు ఒక పక్కకు ఒరిగి ఇంకా బిగుసుకుంది. మళ్ళీ దాన్ని తిన్నగా చేయడానికే గంట పట్టింది. ఈ పనిలో ఉన్న కష్టం అదే, కోపాన్ని పక్కన పెట్టనివాడికి అది లొంగదు. "చిన్నగా, చుట్టూరా" అనేది ఆమె. కాగులో నీళ్ళు మూడుసార్లు మరిగించి, గుడ్డలు తడిపి హబ్బుకు చుట్టి, ఇటో చిన్న దెబ్బ, అటో చిన్న దెబ్బ. మధ్యాహ్నానికి టప్పుమని ఇటుకల మధ్యన పడింది.

రెండు బేరింగుల మధ్యన ఒక చిన్న గొట్టం ఉంటుంది. అది మరిచిపోయి బిగిస్తే చక్రం పట్టేస్తుంది. నేను మరిచిపోయేవాణ్ణే. మా వదిన ఆ గొట్టాన్ని పాత చీర పేలికతో చక్రం ఊచకు కట్టి ఉంచింది. కొత్త బేరింగుల కోసం ఫ్రిజ్జు తెరిస్తే రెండూ మంచు అరలో, నూనె కాగితంలో ఉన్నాయి. మరుసటి రోజు పొద్దున ఎక్కించాలని పెట్టుకున్నట్టుంది. కాసేపు ఫ్రిజ్జు తలుపు మూయలేదు. అన్న కొడుకు వచ్చి మూసి, "కరెంటు చిన్నాయనా" అన్నాడు.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి, గోతాం లేకుండా, బేరింగులు ఎక్కించిన చక్రాన్ని నడివీధిలో దొర్లించుకుంటూ బయల్దేరాను. టీ అంగడి దగ్గర అడిగారు, "ఏమన్నా, యాడిది ఆ చక్రం?"

"మా వదిన దగ్గరికి వచ్చింది. ఇచ్చేదానికి పోతాండా."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. మిగతావాళ్ళు చూస్తామని వెనకే వచ్చారు.

పెద్దమనిషి వాకిట్లోనే ఉన్నాడు. "ఇదిగోప్పా నీ చక్రం" అన్నాను.

ఆయన చక్రాన్నీ, నా వెనక ఉన్నవాళ్ళనూ చూశాడు. "నాది కాదన్నా. నాది టౌన్లో ఇచ్చినా."

ఆయన వెనకే టార్పాలిన్ కింద బండి, చక్రం లేకుండా.

"అట్లనా? మరి ఎవురిదంటావు?"

"ఎవురిదో. నాకేం తెలుసు?"

ఇంటి పక్కన పాల క్యాన్లు కడుగుతున్న ఆయన భార్య చేతులు విదుల్చుకుంటూ వచ్చింది. "మనదే" అంది. ఆయన ఏదో అనబోయాడు. "మనదే అంటాండా గదా. నీ పరువు పోతాదని గోతాంలో చుట్టి, నెత్తిన పెట్టుకొని, పెరటి దావన పోయి ఆయక్క చేతికిచ్చింది నేను. ఈ పక్కింటామెది కూడా నేనే మోసినా. ఇటియ్యన్నా."

ఇచ్చాను. ఆమె ఇరుసు సందులో వేలు పెట్టి చక్రాన్ని ఒక తిప్పు తిప్పింది. "ఆయక్క పూర్తిగా చేసిందా?" అని అడిగింది.

"ఊడదీసేది ఆమె మొదలుపెట్టింది. మిగిలింది నేను చేసినా, ఆమె చెప్పినట్లే."

పెద్దమనిషి పానా తెస్తానని లోపలికి పోయాడు. నేను ఇంటికొచ్చాను. గోళ్ళలో గ్రీజు సబ్బుకు పోలేదు, కిరోసిన్ దొరకలేదు. ఆ మధ్యాహ్నం అన్నం స్పూనుతో తిన్నాను.