నా తోట, మా వదిన మాట

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, ఇక్కడ తమిళ నేల మీద విరుదునగర్‌లో నేను పనిచేసే మిరపకాయల మండీకి గుంటూరు వైపు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. సరుకు చూసుకుని, చీటీ కోసం నా బల్ల ముందు కూర్చున్న మనిషి, నేను ఇంటికి ఫోను చేసి తెలుగులో మాట్లాడిన నాలుగు ముక్కలు విని చటుక్కున తలెత్తి, తన ఫోనులో ఒక వీడియో వెతికి నా ముందు పెట్టాడు. అది మా వదిన గొంతు. వాళ్ళమ్మ రోజూ భోజనం చేశాక ఆ మాటలు వింటూ కునుకు తీస్తుందట, అందులో మాట్లాడేది మీరేనా అని ఎంతో ఆశగా అడిగాడు. కాదండీ, ఆవిడ మా వదిన అన్నాను. ఇక ఆయన సంతోషం చెప్పలేను. వదినది ఏ ఊరు, ఎంత చదువుకుంది, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది అని పది ప్రశ్నలు వేశాడు గానీ, ఆ తెర మీద తోటను నడిపిస్తున్న చెయ్యి ఎవరిదని మాత్రం అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చీటీ ఇచ్చి ఆయన్ను పంపించాక, ఆరిపోయిందనుకున్న కడుపుమంట నాలో ఇంకా అలాగే ఉందని తెలిసి, యాభైకి దగ్గరపడిన దాన్ని, నాకే సిగ్గేసింది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఇంటర్నెట్టు అంటే ఇంట్లో ఉండేది కాదు, మనం వెళ్ళి కూర్చుని రావలసిన చోటు. కోవిల్‌పట్టిలో మా వీధి చివర ఒక మిద్దె మీద అలాంటి చోటొకటి ఉండేది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పుస్తకంలో పేరూ వీధీ రాసి, చెక్కపలకలతో అడ్డాలు కట్టిన గూళ్ళలో ఒక దాంట్లో దూరి కూర్చుంటే, మన గూడులో ఏముందో పక్కవాడికి కనపడదు కానీ వాడి పాట మాత్రం మనకు వినపడుతుంది. అప్పుడు నేను మండీలో కొత్తగా చేరాను. పొద్దున్నే పాసింజరు రైల్లో విరుదునగర్ వెళ్ళి, సాయంత్రం అదే రైలు పట్టుకుని తిరిగొచ్చే బతుకు. ఆదివారం వస్తే మాత్రం ఆ మిద్దె ఎక్కేదాన్ని. అక్కడే నాకు ఆ తోట ఆట దొరికింది.

తెర మీద ఒక ఖాళీ నేల ఇస్తారు. దున్నాలి, విత్తాలి, నీళ్ళు పెట్టాలి, పండగానే కోయాలి. కోయడం మరిచిపోతే ఎండిపోతుంది. ఊళ్ళూ దేశాలూ తెలియని మనుషులు పక్క తోటలవాళ్ళై మన పైరు మీద వాలిన కాకుల్ని తోలిపోతారు, మనమూ వాళ్ళ తోటకు వెళ్ళి తోలాలి. ఏళాయిరంపన్నై దారిలో మాకు నల్లరేగడి పొలం ఉండేది. నాన్న పోయాక అన్న చూసుకునేవాడు. వాన పడితే ప్రత్తి, పడకపోతే తుమ్మకంప. ఆ పొలంలో ఒక్క రోజు కూడా కాలికి మట్టి అంటించుకోని నేను, ఈ తెర మీది పొలానికి మాత్రం ప్రాణం పెట్టి పనిచేశాను. అన్న ఇంటికి ఒక పాత కంప్యూటరు తెచ్చి పెట్టే నాటికి, నా పక్క తోటలవాళ్ళందరిలోకీ నా తోటే పెద్దది. వాళ్ళలో నలుగురైదుగురు ఆంధ్రా ఆడవాళ్ళుండేవారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి, నీ తోట ముగ్గేసినట్టుంది అని మెచ్చుకునేవారు. పెళ్ళీ పిల్లలూ లేని నాకు, మెచ్చుకోలు అంతకు మించి ఎక్కడి నుంచీ వచ్చేది కాదు.

వదిన నా కంటే రెండేళ్ళు పెద్ద. నరికుడి దగ్గర ఒక మెట్టపల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతితో చదువు ఆపి, ఆ తరువాత పెళ్ళయ్యేదాకా పొలంలోనే పెరిగింది. ఆదివారం మధ్యాహ్నాలు చేటలో మినుములో వేరుసెనక్కాయలో పోసుకుని నా వెనకాల గోడకు చేరగిలబడి, చేతిపని చేసుకుంటూ నా తోటను చూసేది. చూస్తూ ఊరికే ఉండేది కాదు. ఆమెకు అది ఆట అనిపించేది కాదు, ఎవరో చెడగొడుతున్న సేద్యంలా కనిపించేది. ఆ మాటలకు నేను నవ్వి నవ్వి, మౌసు పక్కకు జారి, ఒకచోట వెయ్యాల్సిన విత్తనం ఇంకోచోట వేసిన రోజులున్నాయి.

ఆ తరువాత ఫోనులు వచ్చాయి, ఎవరికి వాళ్ళు వీడియోలు తీసి పెట్టుకునే కాలం వచ్చింది. ఆట ఆడుతూ అందులోని కిటుకులు చెప్పే వీడియోలు తమిళంలో కుప్పలుగా ఉన్నాయి. తెలుగులో ఆ తోట గురించి ఎవరూ పెట్టలేదు, నువ్వెందుకు పెట్టకూడదని పక్క తోటల ఆడవాళ్ళు ఎగదోశారు. నాకు అప్పటికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. మా ఇళ్ళల్లో తెలుగు నోటితోనే పుట్టి నోటితోనే పోతుంది, బడి అంతా తమిళమే. మా ఇంటి తెలుగు నలుగురిలో పెట్టేది కాదని నాకు గట్టి నమ్మకం. అందుకని టీవీలో వార్తలు చదివే అమ్మాయిలను చూసి చూసి, వాళ్ళ తెలుగు బట్టీ పట్టి, సజ్జల డబ్బాకు ఫోను ఆనించి తెర వైపు తిప్పి, గొంతు సవరించుకుని, గౌరవనీయులైన ప్రేక్షకులకు నమస్కారం అని మొదలుపెట్టాను. ఆరు వీడియోలు పెట్టాను. చూసినవాళ్ళను చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులోనూ సగం నేనే.

ఏడోది తీస్తున్నప్పుడు వదిన వెనకాల ఉన్న సంగతి మరిచిపోయాను. నేను స్ట్రాబెర్రీలు విత్తి, అవి పండటానికి ఎంతసేపు పడుతుందో వార్తల తెలుగులో వివరిస్తుంటే, వెనక నుంచి ఆమె గొంతు పడింది.

“ఏంది పాపా, నువ్వు విత్తి, నేను ఈ చేట చెరిగేలోపల కోతకొచ్చె. వానా లేదు, ఎరువూ లేదు. ఈ బూమి ఎక్కడుండాదో అడుగు, మీ అన్నను పంపిస్తాం.”

కాసేపటికి మళ్ళీ, “ఆ ఆవు పోయిన వారం నించీ నిలబడే ఉండాది, పావం. దానికి పండుకోను కూడా తెలీదా?”

మళ్ళీ తియ్యడానికి బద్ధకించి, దాన్ని అలాగే పెట్టేశాను. మూడు రోజుల తరువాత రైల్లో ఫోను తీసి చూస్తే, చూసినవాళ్ళ అంకె నా కళ్ళకే నమ్మబుద్ధి కాలేదు. కింద వరసగా తెలుగు లిపిలో ఎవరెవరో ఏమేమో రాశారు. ఒక్క అక్షరం నాకు తెలియదు. ఫోనే తమిళంలోకి మార్చి ఇస్తుందంటే నొక్కి చూశాను, తలా తోకా లేని మాటలు వచ్చాయి. అయినా నా తోటను ఇన్నాళ్ళకు లోకం కనిపెట్టిందని, ఆ మెప్పును నా కళ్ళతో నేనే చదువుకోవాలని పంతం పట్టి, రోజూ రైల్లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ చేరేలోపు నాలుగేసి అక్షరాలు నేర్చుకుంటూ పోయాను. ఒత్తుల దగ్గర చాలా ఏడిపించింది ఆ లిపి. నా మాతృభాషలో నేను మొట్టమొదట పూర్తిగా కూడబలుక్కుని చదివిన వాక్యం ఇది: ఆ వెనకాల మాట్లాడే అమ్మ ఎవరు? దాని కిందిది కూడా చదివాను. ఆ కింది దాని కిందిదీ చదివాను. అందరిదీ ఒకటే మాట. సాత్తూరు స్టేషను దాటేదాకా చదివి ఫోను సంచిలో పడేశాను.

వదినతో ఇంకో ఐదారు వీడియోలు తీశాను, మానలేకపోయాను, ఆ అంకె రుచి అలాంటిది. కానీ ఒక్కొక్క దాని కిందా ఆమె గురించే రాసేవారు. మా అమ్మమ్మ ఇలాగే మాట్లాడేది అని ఒకరు, ఈ మాట విని ముప్పై ఏళ్ళయింది అని ఇంకొకరు. ఆట ఆపి ఆవిడను చూపించండి అని ఒకాయన రాశాడు. మధ్యలో ఆ టీవీ గొంతు అమ్మాయి మాట్లాడకుంటే బాగుండునని ఒకామె రాసింది. ఆమె ఎవరో కాదు, ఏళ్ళ తరబడి నా తోటలో కాకులు తోలిన నా పక్క తోట ఆవిడే. ఆ రోజు సాయంత్రం నేను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి వదిన వాకిట్లో కూర్చుని ఉంది. తనకు తెలుగు చదవడం రాదు, అన్నకూ రాదు. నేను నేర్చుకున్న సంగతి మాత్రం ఎలాగో పసిగట్టినట్టుంది, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది.

“ఏమి రాస్తా ఉండారు పాపా, అంతమంది?”

నేను చెప్పులు విడుస్తూ, ఆమె ముఖం చూడకుండా అన్నాను. “నీ మాట విని నవ్వుతా ఉండారు వదినా. ఇదేమి కాటు తెలుగు, అడివోళ్ళ మాట మాదిరి, ఏ ఊరిదీ అని అడుగుతా ఉండారు.”

ఆమె పొయ్యి మీద పాలున్నాయని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాతి ఆదివారం చేట తీసుకుని వంటింట్లోనే కూర్చుంది. నేను రమ్మనలేదు. అంతటితో పోయి ఉంటే బాగుండేది. మెల్లమెల్లగా ఆమె ఇంట్లో కూడా తెలుగు మాట్లాడటం మానేసింది. అన్నతో తమిళం, పిల్లలతో తమిళం, నాతో తమిళం. ఏమైందని అన్న అడిగితే, వీధిలో అంతా తమిళమే కదా, ఇంట్లో వేరే ఎందుకు అని తమిళంలోనే చెప్పింది. నేను ఒంటరిగా తీసిన వీడియోల కింద, ఆ అమ్మ ఏరీ, బాగున్నారా అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కరికీ జవాబు రాయలేదు. మళ్ళీ చూసేవాళ్ళు వేళ్ళ మీదికి దిగిపోయారు. అసూయపడటానికి ఎదురుగా ఏమీ మిగలకపోయినా నాకు నెమ్మది రాలేదు.

ఆ ఎండాకాలం వదిన వాళ్ళమ్మ నరికుడి వైపు నుంచి కూతుర్ని చూడటానికి వచ్చింది. నేను లోపల కంప్యూటరు ముందున్నాను. బయట ముసలావిడ మాట వినపడింది, కోపం లేదు అందులో.

“ఏమ్మా, నాతో కూడా తమిళమేనా? నేనేమన్నా పరాయిదాన్నా?”

వదిన అలవాటైపోయిందని తమిళంలో చెప్పింది. తెర మీద నా గోధుమలు పండి కోతకు ఎదురుచూస్తున్నాయి. నేను వాటిని కొయ్యలేదు, అన్నీ ఎండిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

ముసలావిడ ఊరికి వెళ్ళిన మర్నాడు, వదిన మినుములు ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పేశాను, వాళ్ళు నవ్వలేదని, నేను చెప్పింది అబద్ధమని. ఎందుకని అడిగింది, తమిళంలో.

“అందరూ నిన్నే అడుగుతా ఉండిరి. నన్ను ఒక్కరూ అడగలేదు,” అన్నాను.

ఆమె చేట రెండుసార్లు ఎగరేసి, రాళ్ళు తీసి పక్కన పెట్టి, ఎన్నో నెలల తరువాత తెలుగులో అంది. “ఏమి రాసిండారో అంతా చదువు.”

చదివాను. మొదటి వీడియో నుంచి, ఒక్కటీ వదలకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఆమెను పొగిడిన ప్రతి మాటా నా నోటితో నేనే పైకి చదివాను. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వెయ్యలేరు. ఎక్కడైనా నేను గబగబా దాటెయ్యబోతే చెయ్యెత్తి ఆపేది. మా అమ్మ పోయింది, మీ గొంతులో ఉంది అని ఎవరో రాసిన దాన్ని మూడుసార్లు చదివించుకుంది. నా గొంతు బొంగురుపోయింది, వాకిట్లో ఎండ గోడెక్కింది. అంతా అయ్యాక మినుములు డబ్బాలో పోసి లోపలికి వెళ్ళింది. నాలుగు రోజులు నాతో ఏ భాషలోనూ మాట్లాడలేదు.

అయిదో రోజు ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. “నా మీద ఏడుపుతోనే కదా అక్షరాలు నేర్చుకుంటివి. నాకూ నేర్పించు. మళ్ళా నువ్వు అబద్దం చెప్పితే నాకు తెలియాల కదా.”

నేర్పించాను. నాకంటే తొందరగా నేర్చుకుంది, అదీ నాకు కొంచెం కష్టంగానే ఉండింది. ఆదివారాలు చేటతో మళ్ళీ నా వెనక గోడకు చేరి, వీడియోల్లో మాట్లాడింది. ఆ చదువుతోనే పుస్తకాలు తెప్పించుకుని చదివి చదివి, నేనిప్పుడు ఇలా రాయగలుగుతున్నాను. కొన్నాళ్ళకు ఆ ఆట నడిపే కంపెనీవాళ్ళు ఇక చాలునని మూసేశారు. అన్నేళ్ళు పెంచిన తోట ఒక ఉదయం తెరిస్తే లేదు. ఆ రోజు నాకు అన్నం కలిపి పెట్టింది వదినే. ఆట పోయాక ఆమె అసలు పొలంలోనే నిలబడి వీడియోలు చేస్తోంది, ఏళాయిరంపన్నై దారిలో అన్న చేనులో, వాళ్ళమ్మ ఊరి మెట్టలో. ఫోను పట్టుకునేది నేను. చూసేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో, ఎంతమందో ఇప్పుడు లెక్క కూడా చూడను, అనుకుంటాను గానీ చూస్తాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ నోట తెలుగు రావడం తక్కువ. మా వదిన తెలుగు ఎక్కడో ఉన్న ఊళ్ళలో ముసలమ్మలను నిద్రపుచ్చుతోంది. అది మంచిదేనని నాకు తెలుసు. ఆమె పేరు చూసి నాకిప్పుడు అంత ఏడుపు రాదు. ఆ వినేవాళ్ళను చూస్తేనే వస్తుంది. ఆ చేట చప్పుడు మధ్య ఆమె అన్న మాటలన్నీ ఒకప్పుడు నా ఒక్కదాని కోసం అన్నవి, అప్పుడు అది నాకు తెలియలేదు. మొన్న ఆదివారం ఇద్దరమూ వాకిట్లో కూర్చుని ఉంటే, వీధిలో పోతున్న ఎవరినో చూసి వదిన ముఖంలో ఆ పాత నవ్వు మెరిసింది, ఏదో అనబోతోందని నేను అప్పుడే నవ్వడానికి సిద్ధపడి ఆమె వైపు తిరిగాను. ఆమె నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుని నా చేతిలో ఫోను కేసి చూసింది.

“ఉండు పాపా. వీడియో ఆన్ చెయ్యి, అప్పుడు చెప్తా.”