రాలిన కాయకో పాయింటు

ఒక్క సుద్దముక్కతో ఒక హైస్కూలు ఫుట్‌బాలు టీమును సర్వనాశనం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. పైగా ఆ పని కోపంతోనో కక్షతోనో చెయ్యలేదు. బాగుచేద్దామనే చేశాను. అందుకే అంత పూర్తిగా చెడింది.

అరవైల మొదటి రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. మద్రాసులో ట్రైనింగు ముగించుకుని, మెడలో విజిలు వేసుకుని, నూజివీడు పక్కన మామిడితోటల మధ్య ఉన్న ఓ మిషను హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేరాను. మాది ఉంగుటూరు. వరి తప్ప మరో పంట ఎరగని వంశం. మామిడికాయను పచ్చడి జాడీలో చూడ్డమే గానీ చెట్టు కింద నిలబడి చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

స్కూలుకి సొంత గ్రౌండు లేదు. పక్క తోట యజమానురాలు మాణిక్యమ్మ గారు తన రెండెకరాల ఖాళీ చెక్కను పిల్లలు ఆడుకోడానికి వదిలారు. అరవై దాటిన మనిషి. భర్త పోయాక అంత పెద్ద తోటనీ ఒంటిచేత్తో నడుపుతున్నారు. ఏ చెట్టుకి ఏ కొమ్మన ఎన్ని కాయలున్నాయో ఆవిడకి కంఠతా వచ్చని తోటలో కూలీలు చెప్పుకునేవాళ్లు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు మాత్రం మా స్కూల్లో ఒక్కరూ లేరు.

నేను చేరిన ఏడాదే, వేసవి సెలవులకి స్కూలు మూసేముందు ఫుట్‌బాలు నైపుణ్య పోటీ పెట్టి ఆవిణ్ణి ముఖ్య అతిథిగా పిలిచాం. కుర్రాళ్లు వరసగా పాతిన వెదురుకర్రల మధ్య బంతిని మెలికలు తిప్పుకుంటూ తీసుకెళ్లాలి. తర్వాత తలతో ఎగరెయ్యాలి. చివర్న గోలీ లేని గోల్లోకి తన్నాలి. ఇలా ఒక్కొక్కడూ, వాడి వెనక స్టాప్‌వాచీతో నేనూ, గంటన్నర. ఎండ తిన్నగా అతిథుల మొహాన కొట్టింది. చూడ్డానికొచ్చిన కూలీజనం అరగంటకే లేచిపోయారు. హెడ్మాస్టరు సుందరం గారు కునికారు. మాణిక్యమ్మ గారు ఒక్కరే చివరిదాకా కూర్చుని, అంతా అయ్యాక నన్ను పిలిచారు.

"మేస్టారూ, ఆ పిల్లోడు కర్రల మధ్య అన్ని మెలికలు ఎందుకు తిరిగాడండీ?"

"అది నైపుణ్యమండీ."

"పక్కనుంచి తిన్నగా పోవచ్చుగా?"

మద్రాసు ట్రైనింగులో ఈ ప్రశ్నకి జవాబు నేర్పలేదు.

"ఈ రెండెకరాల్లో మీరు పండించే పంట ఇదా? రసాలు వేసుకునుంటే నాకు ఈపాటికి పూతకొచ్చేవి. సరే, వచ్చే ఏడు కూడా చూస్తాను. ఇలాగే ఉంటే మాత్రం మొక్కలు నాటించేస్తాను."

ఆవిడ మాటవరసకి అనే మనిషి కాదు. మరుసటేడు మార్చి వెళ్లేసరికి నలభై రసం అంటుమొక్కలు మా గ్రౌండు అంచున వరసగా వచ్చి కూర్చున్నాయి, తొలకరి పడగానే నాటడానికి. పొద్దున్నే పిల్లల చేత కవాతు చేయిస్తుంటే నలభై మొక్కలూ నన్నే చూస్తున్నట్టుండేది.

సుందరం గారు పిలిచి చెప్పారు. "ఏమయ్యా, గ్రౌండు పోతే నీ ఉద్యోగమూ పోయినట్టే. గ్రౌండు లేని స్కూలుకి డ్రిల్లు మేస్టారెందుకని అడుగుతారు. ఈసారి పోటీ ఎలా రక్తి కట్టిస్తావో నీ ఇష్టం."

ఆ వారమంతా అన్నం సహించలేదు. ఓ మధ్యాహ్నం తోటలో దిగులుగా కూర్చుంటే సుడిగాలి లేచింది. ఠపాఠపా కాయలు రాలాయి. అంతే, పాదులు తవ్వుతున్న కూలీలు, వాళ్ల పిల్లలు, ముసలివాళ్లతో సహా కేకలేస్తూ, నవ్వుతూ, ఒకర్నొకరు తోసుకుంటూ పరిగెత్తారు. మరియమ్మ అనే కూలీ ఆవిడ ఒడినిండా కాయలతో నా ముందునుంచి వెళ్లింది. ఆవిడ కొడుకు ఏసురత్నం మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి.

"ఇలా ఏరుకుంటే మాణిక్యమ్మ గారు ఏమీ అనరా?" అనడిగాను.

"అయ్యో, ఎందుకంటారండీ? కోసిన కాయ తోటోళ్లది, రాలిన కాయ ఏరుకున్నోళ్లది. మా అత్తగారి కాలంనుంచీ ఇంతేనండి."

నాకు తట్టింది. నా పోటీలో లేనిది ఈ పరుగే! మెలికల కర్రలు పీకి పారేశాను. అతిథులు తోట నీడలో కూర్చోవాలి గనక గోలుని అటు వైపుకి తిప్పి, ఓ పెద్ద చెట్టుకి ముందు పాతించాను. గోలు పైకర్రకి పురికొసతో పది మామిడికాయలు వేలాడదీశాను. ఒక్కొక్కడికి అయిదు కిక్కులు. నల్లబల్ల తెప్పించి, సుద్దముక్కతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను:

"రాలిన కాయకో పాయింటు. రాలిన కాయ ఏరుకున్నవారిది."

ఎంత అందంగా ఉందో చూడండి. ఏ కాయ, ఎక్కడి కాయ అని ఒక్క ముక్క లేదు.

ఆ రోజు జనం విరగబడ్డారు. హనుమాన్ జంక్షన్ నుంచి మైకు సెట్టు తెప్పించాం. మాణిక్యమ్మ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, పక్కన ఆ నలభై మొక్కలు.

మొదట మా కెప్టెన్ ప్రసాద్. బంగారంలాంటి ఆటగాడు. అయిదు కిక్కుల్లో మూడు కాయలు తెంపాడు. తెగిపడ్డ ప్రతి కాయకీ పిల్లలు ఎగబడ్డారు, చప్పట్లు మోగాయి. మాణిక్యమ్మ గారు కుర్చీలో కొంచెం ముందుకి వంగారు. గ్రౌండు దక్కిందనుకున్నాను. ఆ ఆనందం సరిగ్గా రెండు నిమిషాలు.

రెండోవాడు ఏసురత్నం. వాడి కాలిలో దమ్ము ఉంది, దిక్కు లేదు. నిరుడు వాడికొచ్చింది సున్నా. వెనక్కి పది అడుగులు వేసి, కళ్లు మూసుకుని తన్నాడు. ఆ రోజుల్లో బంతంటే తోలు బంతి, రాయిలా ఉండేది. అది గోలుకి నిలువెత్తు పైనుంచి వెళ్లి వెనక చెట్టు కొమ్మల్లో దబ్బున పడింది. తర్వాత ఠప్, ఠప్, ఠప్.

జనం గోలుని తోసుకుంటూ చెట్టుకిందికి పరిగెత్తారు.

"ఏడండి!" అని అరిచింది మరియమ్మ, ఒడి పట్టుకుని.

"సార్, ఏడు పాయింట్లండి," అన్నాడు ఏసురత్నం.

"ఏడేంట్రా! బంతి గోలు మీంచి పోయింది. సున్నా!"

"రాలిన కాయకో పాయింటని మీరే రాశారు కదండి."

నేను దీనంగా సుందరం గారి వైపు చూశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని నల్లబల్లను రెండుసార్లు చదివారు. "రాసింది రాసినట్టే పోవాలయ్యా. ఏడు వెయ్యి," అన్నారు.

ఇక చెప్పేదేముంది! ఏసురత్నం రెండో కిక్కుకి అయిదు, మూడో కిక్కుకి ఎనిమిది. వరసలో నిలబడ్డ కుర్రాళ్లంతా గోలు చూడ్డం మానేసి తలెత్తి చెట్టు చూస్తున్నారు. "పైకి కొట్టరా! ఇంకా పైకి!" అని జనం అరుపులు. నా ఫుట్‌బాలు పాఠాలన్నీ కింద పెట్టు, కింద పెట్టు అని చెప్పినవే. విజిలు ఊదాను. ఎవరూ వినలేదు. మళ్లీ ఊదితే అందులోంచి గాలి తప్ప చప్పుడు రాలేదు. ఆవిడ తోట, ఆవిడ చెట్టు, ఇంకా కోతకి రాని కాయ, ఆవిడ కళ్లముందే నేను రాసిన రూలు ప్రకారం రాలిపోతోంది.

మాణిక్యమ్మ గారు లేచి నిలబడ్డారు.

మైకు ఆగిపోయింది. ఆవిడ నెమ్మదిగా గోలు వైపు నడుస్తుంటే జనం రెండుపాయలుగా చీలారు. మరియమ్మ ఒడిలో కాయలు ఒక్కొక్కటే కింద పెట్టడం మొదలుపెట్టింది. ఏసురత్నం వచ్చి నా వెనక దాక్కున్నాడు. నేను ఎవరి వెనక దాక్కోవాలో తెలియలేదు.

ఆవిడ చాలాసేపు తలెత్తి చెట్టుకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు.

"ఆ రూలు రాసిందెవరండీ?"

"నేనేనండీ."

"ఇదేం చెట్టో తెలుసా మీకు?"

"మామిడండీ."

"ఏ మామిడి?"

"పచ్చిమామిడండీ," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఆవిడ నన్ను వదిలేసి, "ఒరేయ్, నువ్విలా రా," అన్నారు. ఏసురత్నం నా చొక్కా వదిలి ముందుకెళ్లాడు.

"ఆ తూర్పు కొమ్మని కొడతావేంట్రా బుద్ధి లేకుండా? దానికి ఇంకా టెంక కూడా ముదరలేదు. అదుగో, చిటారున పడమటి కొమ్మ చూడు. కాయ కోసే చిక్కం అందక ఏటా ఉడతల పాలవుతోంది. కొడితే దాన్ని కొట్టు!"

ఆ మాట అని, కుర్చీ తెప్పించుకుని గోలు పక్కనే వేయించుకుని కూర్చున్నారు. "మరియమ్మా, ఆ కాయలు కింద పెట్టావేంటే? తీసుకో. రాలినవేగా," అన్నారు. ఆ క్షణంలో నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి.

ఏసురత్నానికి ముప్ఫయ్యొక్క పాయింట్లు, కప్పు. ప్రసాద్‌కి మూడు పాయింట్లు, ఆఖరి స్థానం. వాడు తల వంచుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, నేనేం తప్పు చేశానండి?"

"గోలుకి గురిపెట్టావు నాయనా," అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

వెళ్లేముందు మాణిక్యమ్మ గారు మొక్కల వైపు వేలు చూపించారు. "మేస్టారూ, గ్రౌండు మీదే. వాటిని మాత్రం అవతలి గోలు వెనక నాటించండి. అటుపక్క చెట్టు లేక బోసిగా ఉంది. నీళ్లు మీరే పొయ్యాలి సుమండీ." ఆవిడ నవ్వగా చూసింది అప్పుడే.

కథ ఇక్కడ ముగిస్తే నేను గొప్పవాణ్ణే. కానీ జూలైలో చింతలపూడి స్కూలుతో మ్యాచి ఆడాల్సి వచ్చింది. మావాళ్లు వీరావేశంతో ఆడారు. బంతి తీసుకెళ్లారు, అందర్నీ తప్పించారు, ఖాళీ గోలు ముందుకొచ్చారు. అక్కడ తలెత్తి పైకి చూసి, బలంకొద్దీ గోలు మీంచి తన్నారు. ఒకసారి కాదు, మ్యాచంతా. నా బంగారు ప్రసాద్ కూడా! మేం ఆరు గోల్సు తేడాతో ఓడిపోయాం. అవతలి డ్రిల్లు మేస్టారు నా భుజం తట్టి, "మీవాళ్లకి గోలెక్కడుంటుందో చెప్పలేదాండీ?" అన్నాడు.

తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. హనుమాన్ జంక్షన్ దాటాక ప్రసాద్ మెల్లిగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, వాళ్ల గోలు వెనక ఉన్నది వేపచెట్టండి. పళ్లు పంతొమ్మిది రాలాయండి. లెక్కెట్టాను. మన రూలు ప్రకారం మనమే గెలిచామండి."

కనుక మహాజనులారా, కుడిచేత్తో నూజివీడు రసం పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గోలుకి మామిడికాయ కాదు కదా, దిష్టికి నిమ్మకాయైనా కట్టను. సుద్దముక్కతో రూలు రాయను. అన్నిటికన్నా ముఖ్యంగా, తన మానాన తాను చప్పగా సాగిపోతున్న దేన్నీ ఈ జన్మలో బాగుచెయ్యను.